నెక్సస్ 7 (2013): ఆండ్రాయిడ్ 6 దగ్గర ఆగిన ట్యాబ్‌ని తెలుగు పుస్తకాల కోసం నిలబెట్టుకునుడు ఎట్ల?

1. ఓరుగల్లు_చదువరి, హన్మకొండ

ట్యాబ్: నెక్సస్ 7, 2013 మోడల్, వైఫై మాత్రమే. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ, ఆండ్రాయిడ్ 6.0.1. స్క్రీన్ 1920×1200, ఒక్క గీత లేదు. తెలుగు అక్షరం వత్తులతో సహా స్పష్టంగ కనపడ్తది. అందుకే తీసెయ్య బుద్ధి అయితలేదు.

ఇబ్బందులు ఇవీ:
బ్రౌజర్ల సగం సైట్లు "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఆగిపోతున్నయి. ప్లే స్టోర్‌ల ఏది నొక్కినా "మీ డివైజ్‌కి సరిపోదు" అంటది. చార్జింగ్ 40 శాతం చూపిస్తూనే టక్కున ఆఫ్ అయితది. స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్ తెరిస్తే పేజీ తిరగనీకి చాలాసేపు పడ్తది.

కావాల్సింది: తెలుగు పుస్తకాలు, నెట్ లేకుండ వికీపీడియా, నిఘంటువు. యూపీఐ, వాట్సాప్ దీంట్ల అక్కర్లేదు. లీనేజ్ ఓఎస్ (ఔత్సాహికులు తయారుచేసే వేరే ఆండ్రాయిడ్) ఎక్కించాలా, ఉన్నదాంతోనే నడిపించాలా?

2. పాతసామాను, కాజీపేట

అన్నా, నాలుగింటికీ కారణాలు వేర్వేరు. అన్నిటినీ "పాతదైపోయింది" అని ఒకే గంపల వెయ్యకు. ఒక్కొక్కటి చూద్దాం, ముందు సైట్లు తెరుచుకోని సంగతి.

అన్నిటికన్నా ముందు తేదీ చూడు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి లేచిన ట్యాబ్‌ల గడియారం 1970కి గాని, ఇంకో పాత తేదీకి గాని పోతది. తేదీ తప్పైతే ఏ సర్టిఫికెట్టూ (సైటు అసలుదే అని చూపించే గుర్తింపు పత్రం) చెల్లదు, గూగుల్ పేజీ కూడ తెరుచుకోదు. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి, వైఫైకి కలిపి, మళ్ళ చూడు.

తేదీ సరిగ్గనే ఉండి కొన్ని సైట్లే ఆగుతున్నయంటే అది లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సైట్లకు ఉచితంగ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) గొడవ. వాళ్ళ సొంత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లకు మూలమైనది) పేరు ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1. అది ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే లోపల ఉంటది. అంతకన్నా పాతవాటి కోసం ఇంకో సంస్థ రూట్‌తో చేయించిన క్రాస్ సంతకం మీద కొన్నేండ్లు బండి నడిచింది. ఆ సంతకం గడువు 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది. అప్పటినుంచి 6.0.1కి ఆ సైట్లు ముక్కు మొహం తెలియనివాళ్ళే.

దీనికి మందు:

ఎక్స్1 సర్టిఫికెట్ ఫైలును వేరే ఫోన్‌లనో కంప్యూటర్‌లనో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైటు నుంచి దించుకో. ట్యాబ్‌లనే దించుదామంటే ఆ సైటు కూడ అదే సర్టిఫికెట్ మీద నడుస్తది, తెరుచుకోదు. ఫైలును కేబుల్‌తో ట్యాబ్‌కి కాపీ చెయ్యి. సెట్టింగ్స్, సెక్యూరిటీ, చివర్ల "ఇన్‌స్టాల్ ఫ్రమ్ స్టోరేజ్". పేరు ఏదైనా పెట్టుకో. కింద "క్రెడెన్షియల్ యూజ్" అని అడిగినప్పుడు "వీపీఎన్ అండ్ యాప్స్" ఎంచుకోవాలె. "వైఫై" ఎంచుకుంటే ఎక్కుతది గని బ్రౌజర్‌కి పనికిరాదు. చానమంది ఇక్కడనే బోల్తా పడ్తరు.

ఎక్కినంక వివరాలు తెరిచి ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర సరిచూసుకో. 96:బీసీ:ఈసీ:06తో మొదలై 08:సీ6తో ముగియాలె. గడువు 2035 జూన్ 4 వరకు ఉంటది.

3. ఓరుగల్లు_చదువరి, హన్మకొండ

ఎక్కింది. చానా సైట్లు తెరుచుకుంటున్నయి. కాని పిన్ పెట్టమని పట్టుబట్టింది, పెట్టిన. ఇప్పుడేమో పైన "నెట్‌వర్క్‌ని ఎవరో గమనిస్తుండవచ్చు" అని హెచ్చరిక పోతలేదు.

4. పాతసామాను, కాజీపేట

రెండూ మామూలే. చేత్తో ఎక్కించిన రూట్ ఏదున్నా ఆండ్రాయిడ్ ఆ హెచ్చరిక చూపిస్తది, అది మనం పెట్టిన ఎక్స్1 గురించే. అసలు "ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్"ల "యూజర్" ట్యాబ్ తెరిచి మనం పెట్టినవి తప్ప ఇంకోటి ఉందా అని ఒకసారి చూడు. సెకండ్ హ్యాండ్‌ల కొన్నదైతే ఇది తప్పనిసరి. పిన్ మాత్రం ఉంచాల్సిందే. లాక్ తీసెయ్యాలంటే ముందుగల్ల క్రెడెన్షియల్స్ తుడవాలె, అప్పుడు సర్టిఫికెట్టూ పోతది.

ఆండ్రాయిడ్ 6కి ఇంకో లాభం ఉంది. 7 నుంచి యాప్‌లు యూజర్ ఎక్కించిన రూట్‌ని నమ్మవు. 6లో, అంతకుముందు వాటిల నమ్ముతయి. కాబట్టి బ్రౌజర్‌కే కాదు, మిగతా యాప్‌లకూ ఈ ఒక్క ఫైలు సరిపోతది.

అదే ఊపుల జీటీఎస్ రూట్ ఆర్1 కూడ ఎక్కించి పెట్టు. అది గూగుల్ వాళ్ళ రూట్. పాత ఆండ్రాయిడ్‌ల అది గ్లోబల్‌సైన్ పాత రూట్ భరోసా మీద నడుస్తంది. ఆ పాత రూట్ గడువు 2028 జనవరి 28.

5. రూట్_పర్మిషన్, నయీంనగర్

ఇంత తిప్పలెందుకు? బూట్‌లోడర్ (ట్యాబ్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి లీనేజ్ 18.1 ఎక్కిస్తే ఆండ్రాయిడ్ 11 వస్తది. సర్టిఫికెట్లు లోపలనే ఉంటయి, యాప్‌లు కూడ ఎక్కుతయి. నెక్సస్ కాబట్టి అన్‌లాక్‌కి ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

కంప్యూటర్‌ల ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ, ఫాస్ట్‌బూట్ కమాండ్లు ఉండే మూట) పెట్టుకోండి. ట్యాబ్‌ల "అబౌట్" కింద బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యండి. తర్వాత "ఏడీబీ రీబూట్ బూట్‌లోడర్", అక్కడినుంచి "ఫాస్ట్‌బూట్ ఓఈఎం అన్‌లాక్". ఇక్కడ లోపలున్నదంతా తుడుచుకపోతది, ముందే కాపీ తీసుకోండి. ఆ తర్వాత రికవరీ (మరమ్మతు మెనూ) ఎక్కించి, దాని నుంచి రామ్, అంటే లీనేజ్ ఫైలు.

6. పాతసామాను, కాజీపేట

తమ్మీ, అసలు మెలిక చెప్పకుండ దాటేసినవ్. నెక్సస్ 7ల సిస్టమ్ పార్టిషన్ ఒక జీబీ కన్నా చిన్నది. ఆండ్రాయిడ్ 11 అందుల పట్టదు. పార్టిషన్ పట్టికనే మార్చి సిస్టమ్‌ని పెద్దగ చెయ్యాలె, అప్పుడే 18.1 ఎక్కుతది. ఆ పని నడుమల కేబుల్ ఊడినా, 40 శాతం దగ్గర ఆఫ్ అయ్యే ఈ బ్యాటరీ మొరాయించినా ట్యాబ్ మళ్ళ లేవదు. చదువరి అన్న చెప్పిన బ్యాటరీతోని ఆ సాహసం అస్సలు చెయ్యొద్దు.

ఇంకోటి. 2 జీబీ ర్యామ్ మీద 11 నడుస్తది గని పుస్తకం యాప్ నుంచి బ్రౌజర్‌కి పోయి తిరిగొచ్చేసరికి పుస్తకం మొదటినుంచి లోడ్ అయితది. పుస్తకాలకే అయితే 6.0.1 తేలిక.

7. రూట్_పర్మిషన్, నయీంనగర్

బ్యాటరీ మార్చినంకనే చెయ్యాలె, నిజమే. పార్టిషన్ సంగతి కూడ ఒప్పుకుంట. కాని 6.0.1కి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2016తోనే ఆగినయి. బ్లూబోర్న్ (బ్లూటూత్ లోపం), క్రాక్ (వైఫై లోపం) రెండూ 2017ల బయటపడ్డయి, అంటే ఈ ట్యాబ్‌ల అవి అట్లనే తెరిచి ఉన్నయి. క్రాక్ అయితే ఆండ్రాయిడ్ 6 మీదనే గట్టిగ పనిచేస్తది. దాన్ని ఎట్ల వదిలేస్తం?

8. పాతసామాను, కాజీపేట

బ్లూబోర్న్ బ్లూటూత్ మీద వస్తది, బ్లూటూత్ ఆఫ్ చేస్తే అయిపాయె. క్రాక్‌కి పక్కనే వైఫై రేంజ్‌ల మనిషి ఉండాలె. గుప్తీకరించిన సైట్ల లోపలి మాటలు అప్పటికీ దానికి దొరకవు. అయినా నువ్వు చెప్పింది కొట్టిపారెయ్య. నా లెక్క ఇదీ: ఈ ట్యాబ్‌ల గూగుల్ ఖాతా ఉండొద్దు, బ్యాంకు ఉండొద్దు, ఓటీపీ వచ్చే మెయిల్ ఉండొద్దు. వైఫై అవసరమైనప్పుడే ఆన్ చెయ్యాలె. దొంగ లోపలికి వచ్చినా పుస్తకాలు తప్ప ఏం దొరకొద్దు. ఇంత పాటించే ఓపిక లేనోళ్ళు లీనేజ్ వైపు పోవుడే మేలు. పాటించేటోళ్ళకు స్టాక్, అంటే ఇప్పుడున్న 6.0.1 చాలు.

9. సోల్డర్_పొగ, గోదావరిఖని

మీరు సాఫ్ట్‌వేర్ గొడవల ఉన్నరు. ముందు బ్యాటరీ సంగతి చూడండి సారూ.

40 శాతం దగ్గర ఆఫ్ అవుడు క్యాలిబ్రేషన్ లోపం కాదు. సెల్ పాతబడితే లోపలి నిరోధం పెరుగుతది. స్క్రీన్ వెలుగు పెంచి వైఫై నడిపితే కరెంటు ఎక్కువ లాగుతది, వోల్టేజీ ఒక్కసారి కిందికి జారుతది, బోర్డు ఆఫ్ అయితది. పరీక్ష తేలికనే: వెలుగు బాగ తగ్గించి, వైఫై ఆపి, ఊరికె పుస్తకం చదవండి. 40 దాటి 20 దాక నడిచిందంటే నిరోధమే. సున్నాదాక దింపి వందదాక ఎక్కించే చిట్కా దీనికి పనిచెయ్యదు, పైగా సెల్‌ని ఇంకింత అరగదీస్తది.

ఈ మోడల్ బ్యాటరీ నంబర్ సీ11పీ1303. 3.8 వోల్టులు, 3950 ఎంఏహెచ్, 15 వాట్ అవర్లు. 2012 మోడల్‌ది వేరే, సీ11-ఎంఈ370టీ, 4325 ఎంఏహెచ్. దుకాణంల "నెక్సస్ 7 బ్యాటరీ" అంటే ఏదో ఒకటి చేతిల పెడ్తరు, నంబర్ చదివి తీసుకోవాలె. వరంగల్ల దొరక్కపోతే హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్‌ల అడగండి.

కొనేటప్పుడు చూడాల్సినవి:

లేబుల్ మీద 3.8 అని ఉండాలె. దీని చార్జింగ్ సర్క్యూట్ 4.35 వోల్టుల దాక ఎక్కిస్తది. 3.7 అని రాసున్న మామూలు సెల్ 4.2 దగ్గర ఆగాలె. దాన్ని దీంట్ల పెడితే రోజూ మోతాదు మించి ఎక్కుతది, ఉబ్బుతది. అదే సైజుల 5000 ఎంఏహెచ్ అని రాసుంటే నమ్మొద్దు, ఆ జాగల అంత పట్టదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 3.7కి అటుఇటుగ ఉండాలె. 3.0 కన్నా కింద ఉందంటే ఏండ్ల తరబడి గోదాంల పడున్న సరుకు, వాపస్ ఇచ్చెయ్యండి.

మార్చేటప్పుడు: ముందుగల్ల చార్జింగ్ 25 శాతం కిందికి దింపండి. వెనక మూతకు స్క్రూలు లేవు, చుట్టూ క్లిప్పులే. ప్లాస్టిక్ పిక్‌తో ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంట పోవాలె. మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఆ తర్వాతనే మిగతా ఏదైనా ముట్టుకోవాలె. సెల్ కింద జిగురు ఉంటది. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగ చేసి పాత ప్లాస్టిక్ కార్డు జొనిపి మెల్లగ లేపండి. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే సెల్ చిల్లువడ్తది, మంట లేస్తది. అందుల మొహమాటం లేదు.

అంతా బిగించినంక ట్యాబ్ ఆన్ కాకపోతే కంగారుపడొద్దు. ఈ మోడల్ల కనెక్టర్ సగమే కూర్చునుడు మామూలు. మూత తీసి మళ్ళ గట్టిగ నొక్కండి.

10. ఓరుగల్లు_చదువరి, హన్మకొండ

స్క్రీన్ అంచు ఒకవైపు కొంచెం లేచినట్టు అనిపిస్తుంది. దాంతో సంబంధం ఉందా? చార్జింగ్ జాక్ కూడ వదులైంది, కేబుల్ కదిలితే ఆగుతుంది.

11. సోల్డర్_పొగ, గోదావరిఖని

లేచిందంటే సెల్ ఉబ్బింది. చార్జింగ్ పెట్టుడు ఇప్పుడే ఆపండి. నొక్కి సరిచేద్దామని చూడొద్దు, గాలి తీద్దామని సూది అసలే పెట్టొద్దు. తీసిన సెల్‌ని ఇంట్ల చెత్తల వెయ్యకుండ ఇసుక పోసిన ఇనుప డబ్బాల ఆరుబయట పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేటోళ్ళకు అప్పగించండి.

జాక్ కోసం బోర్డు మీద సోల్డరింగ్ అక్కర్లేదు. 2013 మోడల్ల క్యూఐ వైర్‌లెస్ చార్జింగ్ ఉంది, 2012ల లేదు. 5 వాట్ల మామూలు ప్యాడ్ చాలు. ప్యాడ్ మధ్యల సరిగ్గ కూర్చోబెట్టాలె, పక్కకు జరిగితే వేడి ఎక్కుతది తప్ప చార్జింగ్ ఎక్కదు. జాక్‌ని అప్పుడప్పుడు ఫైళ్ళు కాపీ చేసేటందుకే వాడుకోండి. మా దిక్కు బొగ్గు దుమ్ము కూడ జాక్‌ల చేరి వదులు చేస్తది. టూత్‌పిక్‌తో తీస్తే సగం జాక్‌లు బాగైతయి.

ఎండాకాలం ముచ్చట: లిథియం సెల్‌ని 45 డిగ్రీల పైన చార్జ్ చెయ్యొద్దు. రామగుండంల మే నెల మధ్యాహ్నం బయటి గాలే ఆ దగ్గరికి పోతది, రేకుల ఇంట్ల లోపల ఇంకెక్కువ. పొద్దుగాల ఐదింటికి పెట్టి ఏడింటికి తీసెయ్యండి. 30 నుంచి 80 మధ్యల ఉంచితే సెల్ ఎక్కువ కాలం వస్తది. గోడకు తగిలించి ఇరవై నాలుగు గంటలు చార్జింగ్‌లనే పెట్టేటోళ్ళు టైమర్ సాకెట్ కొనుక్కోవాలె. నిండుగ, వేడిగ ఉంచుడే ఉబ్బుడికి పెద్ద కారణం.

12. మానేరు_పుస్తకం, కరీంనగర్

పీడీఎఫ్ విషయం నేను చెబుతాను.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు జేపెగ్ 2000 బొమ్మలు. సైజు తగ్గుతుంది కానీ విప్పడానికి ప్రాసెసర్ చాలా కష్టపడాలి. ఈ ట్యాబ్‌లోని స్నాప్‌డ్రాగన్ ఎస్4 ప్రో ప్రతి పేజీకీ ఆ శ్రమంతా పడుతోంది. మందు ట్యాబ్‌లో లేదు, కంప్యూటర్‌లో ఉంది. ఆ విప్పే పనేదో ఒక్కసారే అక్కడ చేసేసి, మామూలు జేపెగ్ పేజీలు ట్యాబ్‌కి ఇవ్వండి.

పాప్లర్ అనే ఉచిత పరికరాల మూటలో పీడీఎఫ్‌టుపీపీఎం ఉంటుంది. దానికి ఇవ్వాల్సిన ఐచ్ఛికాలు: జేపెగ్, గ్రే, స్కేల్-టు-ఎక్స్ 1200, స్కేల్-టు-వై మైనస్ 1. వెడల్పు 1200 ఎందుకంటే ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు సరిగ్గా అంతే. 2400 పెట్టినా కంటికి కనిపించే తేడా ఉండదు, పేజీ మాత్రం నెమ్మదిస్తుంది. గ్రే పెట్టడం వల్ల పసుపెక్కిన కాగితం రంగు పోయి ఫైలు చిన్నదవుతుంది. వచ్చిన పేజీలన్నీ కుదించకుండా జిప్ చేసి, ఫైలు చివర జిప్ తీసి సీబీజెడ్ (బొమ్మల పేజీల పుస్తకం ఫైలు) అని మార్చండి. పేజీకి 200 నుంచి 400 కేబీ అనుకుంటే 300 పేజీల పుస్తకం వంద ఎంబీ అటుఇటు అవుతుంది. మూల పీడీఎఫ్ కన్నా పెద్దదైనా ఆశ్చర్యపోకండి. ఇక్కడ మనం స్థలం ఇచ్చి వేగం కొంటున్నాం. 16 జీబీలో సిస్టమ్ పోగా మిగిలిన జాగాలో ఒకేసారి 60, 70 పుస్తకాలు హాయిగా పడతాయి.

చదవడానికి కేఓరీడర్ అనే ఉచిత యాప్. దాని ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) దించేటప్పుడు 64 బిట్ది తీసుకోవద్దు. ఈ ప్రాసెసర్ 32 బిట్, పేరులో ఆర్మ్ అని మాత్రమే ఉన్నది కావాలి. తప్పు ఏపీకే ఎక్కిస్తే "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అని తప్ప కారణం చెప్పదు. కేఓరీడర్‌లో మార్జిన్ ఆటో క్రాప్ ఆన్ చేసి కాంట్రాస్ట్ కొంచెం పెంచండి. లెటర్‌ప్రెస్ అచ్చు నల్లగా తేలుతుంది.

రీఫ్లో అనే మీట జోలికి పోకండి. అది పేజీని వరుసలుగా కోసి మళ్ళీ పేరుస్తుంది. ఇంగ్లీషు అచ్చుకి బాగుంటుంది. తెలుగులో వత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి అక్షరం ఒక చోట, వత్తు ఒక చోట పడే ప్రమాదం ఉంది.

13. ఓరుగల్లు_చదువరి, హన్మకొండ

సీబీజెడ్ తేడా కనపడింది సార్, వెంటనే తిరుగుతుంది. కాని తెలుగు వికీసోర్స్ నుంచి దించిన ఈపబ్ తెరిస్తే కేఓరీడర్‌ల అక్షరాలు విడివిడిగ వస్తున్నయి. "స్త్రీ" అనేది స, పొల్లు, త, పొల్లు లెక్క కనపడ్తుంది.

14. మానేరు_పుస్తకం, కరీంనగర్

రెండు పనులు.

ఒకటి, ఫాంటు. నోటో శాన్స్ తెలుగు గానీ, మందలి, రామరాజ వంటివి గానీ టీటీఎఫ్ ఫైలుగా తెచ్చి ట్యాబ్ స్టోరేజీలో కేఓరీడర్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌లో వేయండి. యాప్ పూర్తిగా మూసి మళ్ళీ తెరిస్తేనే జాబితాలోకి వస్తుంది.

రెండు, అసలు కారణం: ఫాంట్ మెనూలో కెర్నింగ్ అని ఉంటుంది. ఆఫ్, ఫాస్ట్, గుడ్, బెస్ట్ అని నాలుగు మెట్లు. మొదటి మూడింటిలో అక్షరాల కలయిక పూర్తిగా జరగదు. "బెస్ట్"లోనే హార్ఫ్‌బజ్ అనే కూర్పు యంత్రం మొత్తం పనిచేసి వత్తులు కలుస్తాయి. మెను మాట కెర్నింగే అయినా మనకి అది ఒత్తుల మీట అనుకోండి. వరుసల మధ్య ఎడం కూడా కాస్త పెంచండి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

నిఘంటువు కూడా ఇందులోనే కుదురుతుంది. స్టార్‌డిక్ట్ రూపంలో ఉన్న ఏ నిఘంటువైనా కేఓరీడర్, డేటా, డిక్ట్ ఫోల్డర్‌లో దాని పేరుతో ఒక ఫోల్డర్ చేసి వేయండి. ఐఎఫ్‌ఓ, ఐడీఎక్స్, డిక్ట్ అనే మూడు ఫైళ్ళూ ఒకేచోట ఉండాలి. ఒకటి తక్కువైనా జాబితాలో కనిపించదు. ఆ తర్వాత పుస్తకంలో మాట మీద వేలు ఆనించి పట్టుకుంటే అర్థం వస్తుంది. ఇది ఈపబ్‌లకే. సీబీజెడ్‌లో ఉన్నది బొమ్మ కాబట్టి మాట దొరకదు, పైన వెతుకు పెట్టెలో టైపు చేయాలి. టైపింగ్‌కి ఇండిక్ కీబోర్డు పెట్టుకోండి.

15. రూట్_పర్మిషన్, నయీంనగర్

వికీపీడియా కోసం కివిక్స్, నెట్ లేకుండ వికీ చదివే యాప్. తెలుగు వికీ జిమ్ ఫైలు (ఆ యాప్ తెరిచే వికీ మూట) మూడు రకాల దొరుకుతది: మినీ అంటే వ్యాసం మొదటి ముక్కే, నోపిక్ అంటే బొమ్మల్లేని పూర్తి వ్యాసాలు, మ్యాక్సీ అంటే అన్నీ. 16 జీబీ ట్యాబ్‌కి నోపిక్ సరిపోతది. కొత్త కివిక్స్ ఎక్కకపోతే ఆండ్రాయిడ్ 6 మీద నడిచే పాత ఏపీకే తీసుకోండి. పాత కాపీలు ఎఫ్-డ్రాయిడ్ (ఉచిత యాప్‌ల స్టోర్)ల యాప్ పేజీ కింద వెర్షన్ల వారీగ ఉంటయి, పక్కన ఏ ఆండ్రాయిడ్ కావాల్నో రాసుంటది. మరీ పాతవి కావాల్నంటే ఎఫ్-డ్రాయిడ్ సెట్టింగ్స్‌ల ఆర్కైవ్ రిపాజిటరీ ఆన్ చెయ్యాలె.

దీనికి మెమరీ కార్డు స్లాటు లేదు. ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు, ఆండ్రాయిడ్ 6 నుంచి అది నేరుగా చదువుతది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32ల ఉండాలె, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే గుర్తుపట్టదు. ఫ్యాట్32ల ఒక ఫైలు 4 జీబీ దాటొద్దు. దాటితే కాపీ చివరిదాక పోయి "జాగ లేదు" అంటది, ఖాళీ ఉన్నా సరే.

బ్రౌజర్ ముచ్చట కూడ: ఆండ్రాయిడ్ 6కి క్రోమ్ 106 దగ్గర ఆగింది. ఫైర్‌ఫాక్స్ ఇప్పటి వెర్షన్లు ఆండ్రాయిడ్ 8 నుంచే. 6 మీద నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ ఏపీకే పెట్టుకుంటే మంచిది, అది సర్టిఫికెట్ల జాబితా తనతోనే తెచ్చుకుంటది. అయినా లాగిన్‌లకు వాడొద్దు.

16. పాతసామాను, కాజీపేట

వేగం సంగతి మిగిలింది.

ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మొదటి సెటప్‌ల వైఫై దాటెయ్యి, ఖాతా దాటెయ్యి. కాని రీసెట్ కన్నా ముందు సెట్టింగ్స్‌ల పోయి పాత గూగుల్ ఖాతాను తీసెయ్యాలె. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, ఖాతా తియ్యకుండ రికవరీ నుంచి తుడిస్తే మళ్ళ అదే ఖాతా పాస్‌వర్డ్ అడుగుతది. సెకండ్ హ్యాండ్‌ల కొనేటోళ్ళు పైసలు ఇచ్చే ముందు దుకాణంలనే రీసెట్ చేయించి హోమ్ స్క్రీన్ దాక పోయి చూసుకోవాలె.

రీసెట్‌తోని సర్టిఫికెట్లు పోతయి, మళ్ళ ఎక్కించు. తర్వాత యాప్స్ జాబితాల గూగుల్ యాప్, జీమెయిల్, హ్యాంగౌట్స్, మ్యాప్స్, ప్లే స్టోర్, ప్లే గేమ్స్ డిసేబుల్ చెయ్యి. ప్లే సర్వీసెస్ మీద డిసేబుల్ మీట మసకగ ఉంటది. సెక్యూరిటీ, డివైజ్ అడ్మినిస్ట్రేటర్స్‌ల ఆండ్రాయిడ్ డివైజ్ మేనేజర్ టిక్ తీసేస్తే మీట వెలుగుతది. ఊరికె పడుకున్నప్పుడు బ్యాటరీ తినేది ముఖ్యంగ ఇదే. డిసేబుల్ చేస్తే పక్కన పెట్టిన ట్యాబ్ రోజుల తరబడి ఉంటది.

రెండింటి జోలికి పోవద్దు. వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది) తీస్తే చానా యాప్‌ల పేజీలు తెల్లగ వస్తయి. ఉన్న కీబోర్డును, ఇంకోటి పెట్టి ఆన్ చేసేదాక ముట్టొద్దు. కీబోర్డు లేకపోతే రీస్టార్ట్ అయినంక పాస్‌వర్డ్ కొట్టనీకి ఏం ఉండదు.

డెవలపర్ ఆప్షన్స్‌ల మూడు యానిమేషన్ స్కేళ్ళూ ఆఫ్ చెయ్యి. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్ రెండుకు పెట్టొచ్చు గని రీస్టార్ట్ అయితే మొదటికొస్తది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

17. మంథని_మనిషి, మంథని

ఇదే పద్ధతి ఐప్యాడ్ మినీ మొదటి దానికి పనిచేస్తుందా? ఇంట్లో ఆకాశ్ ట్యాబ్ కూడా ఒకటి మూలకు పడి ఉంది, దానికేమైనా దారి ఉందా?

18. మానేరు_పుస్తకం, కరీంనగర్

మినీ మొదటిది 512 ఎంబీ ర్యామ్, వైఫై మోడల్ ఐఓఎస్ 9.3.5 దగ్గర ఆగింది. సిమ్ ఉన్నదానికి 2019లో జీపీఎస్ వారాల లెక్క సరిచేయడానికి 9.3.6 వచ్చింది, అది ఎక్కించి లేకపోతే ఎక్కించండి. సర్టిఫికెట్ సంగతి ఇక్కడా అంతే. ఎక్స్1 ఐఓఎస్ 10 నుంచే లోపల ఉంటుంది. 9లో ఆ ఫైలుని మెయిల్ ద్వారా తెరిచి ప్రొఫైల్‌గా ఇన్‌స్టాల్ చేస్తే చాలు, విడిగా ట్రస్ట్ మీట నొక్కాల్సిన పని 10.3 నుంచే మొదలైంది. యాప్‌లకైతే స్టోర్‌లో "పర్చేస్డ్" జాబితా నుంచి దించండి. అదే ఖాతాతో ఎప్పుడో తీసుకున్న యాప్ అయితే "మీ ఐప్యాడ్‌కి సరిపోయే చివరి వెర్షన్ కావాలా" అని అడుగుతుంది. యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ గుర్తులేకుండా మాత్రం రీసెట్ చేయొద్దు, యాక్టివేషన్ దగ్గర ఆగిపోతుంది.

ఆకాశ్ 2011 నాటి మొదటిదైతే 366 మెగాహెర్ట్జ్, 256 ఎంబీ, ఆండ్రాయిడ్ 2.2. దానికి తెలుగు చూపించడమే రాదు, ఆండ్రాయిడ్‌లో తెలుగు లిపి 4.1తో వచ్చింది. 2.3.7కీ అంతకన్నా పాతవాటికీ గూగుల్ లాగిన్ 2021 సెప్టెంబర్ 27 నుంచి లేదు. కానీ అక్షరాలు చూపించలేకపోయినా బొమ్మలు చూపించగలదు. స్క్రీన్ 800×480 కాబట్టి నిలువుగా 480 వెడల్పుతో పేజీలు చేయాలి, చిన్న అచ్చు చదవలేం. పెద్దబాల శిక్ష వంటి పెద్దక్షరాల పుస్తకాలు, పిల్లల బొమ్మల పుస్తకాలైతే గ్యాలరీలోనే తిప్పుకోవచ్చు. రెసిస్టివ్ టచ్ కాబట్టి వేలికొసతో కాదు, గోటితో నొక్కాలి.

19. ఓరుగల్లు_చదువరి, హన్మకొండ

బ్యాటరీ మార్పించిన, 3.8ది. క్యూఐ ప్యాడ్ మీద ఎక్కుతుంది. ప్లే సర్వీసెస్ డిసేబుల్ అయింది. ఇంకొక్కటి: కొత్తగ ఫైళ్ళు కాపీ చేసేటప్పుడు మధ్యమధ్యల మొత్తం ట్యాబ్ బిగుసుకపోతుంది. వాడనప్పుడు పూర్తిగ ఆఫ్ చేసి పెడ్తున్న.

20. పాతసామాను, కాజీపేట

ఆఫ్ చేసి పెట్టుడే దానికి కారణం కావొచ్చు. తుడిచిన ఫైళ్ళ జాగను స్టోరేజీ చిప్‌కి "ఇది ఖాళీ" అని చెప్పే పనిని ట్రిమ్ అంటరు. ఆండ్రాయిడ్ 4.3 నుంచి అది దానంతటదే నడుస్తది, కాని ట్యాబ్ ఆన్‌ల ఉండి, స్క్రీన్ ఆగి, గంటకు పైగ ఎవరూ ముట్టకుండ ఉన్నప్పుడే. చదివినంక వెంటనే ఆఫ్ చేసేటోళ్ళ ట్యాబ్‌ల ఇది ఎన్నడూ జరగదు. చిప్ ప్రతి రాతకూ పాతది చెరిపి కొత్తది రాసుకుంట నానా తంటాలు పడ్తది.

వారానికొక రాత్రి వైఫై ఆపి, ఆన్‌లనే ఉంచి, సరిపడ చార్జింగ్‌తో పక్కన పెట్టు. స్టోరేజీల ఎప్పుడూ 3 జీబీ ఖాళీ ఉంచు. అప్పటికీ బిగుసుకుంటే రికవరీల కాషే పార్టిషన్ తుడువు: ఆఫ్ చేసి, పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పట్టుకుంటే బూట్‌లోడర్ వస్తది, వాల్యూమ్ మీటలతో రికవరీ ఎంచుకో. పడుకున్న రోబో బొమ్మ వచ్చి ఆగితే పవర్ పట్టుకుని వాల్యూమ్ అప్ ఒకసారి నొక్కు, మెనూ తెరుచుకుంటది. "వైప్ కాషే పార్టిషన్" అన్నదే నొక్కాలె, దాని పక్కనే "వైప్ డేటా" ఉంటది, జర చూసుకొని.